అడవి ఆముదం కంచెకే మేలు, చేనుకు కాదు

నంద్యాల, ఆళ్లగడ్డ రైతులం, మనకు అడవి ఆముదం కొత్త కాదు. కొందరు నేపాళం అంటారు, సర్కారు కాగితాల్లో జట్రోఫా. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. ఆముదం, కర్రపెండలం దీని చుట్టాలే. ఆకును పశువులు ముట్టవు కాబట్టి కంచెకు పనికొస్తుంది. గింజలు విషం. చెక్కను ఎరువుగా వేసుకోవచ్చు గానీ గొడ్లకు పెట్టలేం.

ఈ గింజలతో బయోడీజిల్ తీద్దామని 2003లో ప్రణాళికా సంఘం చెప్పింది. 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం కలపాలని 2009 జాతీయ విధానం లక్ష్యం పెట్టింది. అది నెరవేరలేదు, చాలినన్ని గింజలే రాలేదు. కారణం చెట్టులోనే ఉంది. గుత్తిలో మగపూలే ఎక్కువ, కాయ కట్టే ఆడపూలు కొన్నే. నీళ్లు లేకున్నా చెట్టు బతుకుతుంది, కానీ కాపు తగ్గిపోతుంది. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

బతకడం వేరు, పండడం వేరు. రేపు ఇంకో కొత్త పంట అంటూ ఎవరొచ్చినా మనం అడగాల్సింది ఇదే: ముందు నంద్యాల పరిశోధనా స్థానంలో పండించి చూపండి. కొనేదెవరో, ధరెంతో కాగితం మీద రాసివ్వండి. ఆ తర్వాతే నాటుతాం.