కథ పక్కన వైద్య సలహా

తెలుగు వారపత్రిక అనగానే పాఠకుల మనసులో మెదిలే రూపంలో రెండు మూడు కథలు, వచ్చేవారం దాకా ఆత్రుతను మిగిల్చే సీరియల్ నవల, ఢిల్లీ రాజకీయాలపై ఒక వ్యాసం, పాఠకుల ఉత్తరాలకు డాక్టరు ఇచ్చే జవాబులు, వంటలు, వారఫలాలు, చివరికి సినిమా పుటలు ఉంటాయి. ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపించే ఈ విషయాలను ఒకే సంచికలో కుట్టడాన్ని కాలక్షేపపు సరుకుగా తీసిపారేసిన విమర్శకులు లేకపోలేదు. అయితే ఆ కలగలుపు తెలుగు సమాజానికి చేసిన మేలును ఇప్పుడైనా నిదానంగా తూచి చూడవలసి ఉన్నది, ఎందుకంటే ఆ రూపం చాలావరకు కనుమరుగై, దానిలోని భాగాలు ఎవరి దారి వారిదన్నట్టు విడిపోయాయి.

తెలుగు పత్రికకూ మందుకూ ఉన్న చుట్టరికం శతాబ్దానికి పైబడినది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీని మొదలుపెట్టి, 1908లో అదే నగరం నుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు; 1914లో అది మద్రాసుకు చేరి దినపత్రిక అయింది, 1924లో భారతి సాహిత్య మాసపత్రిక దానికి తోడైంది. తలనొప్పికి నుదుట రాసుకునే పసుపుపచ్చని లేపనం మీద వచ్చిన రాబడి తెలుగు వచనానికీ జాతీయోద్యమ వార్తలకూ ఆసరాగా నిలిచిందన్నది వ్యాపార చరిత్రలో ఒక వింతగా చెప్పుకొని వదిలేయవలసిన విషయం కాదు. పాఠకుల సంఖ్య కొద్దిగా ఉన్న భాషలో పత్రిక తన కాళ్ళపై తాను నిలబడటం ఎంత కష్టమో, సాహిత్యానికి బయటి నుంచి ఊతం ఎంత అవసరమో అది తెలుపుతుంది.

ఇంకొక ఉదాహరణ దీనికంటే ఆసక్తికరమైనది. మద్రాసులో కేసరి కుటీరం పేరిట ఆయుర్వేద ఔషధాలు తయారుచేసి, స్త్రీల ఆరోగ్యానికి ఉద్దేశించిన లోధ్రతో పేరు పొందిన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి మాసపత్రికను స్థాపించారు. ఆ పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మ రాసిన శారద లేఖలు, అంటే శారద అనే కల్పిత స్త్రీ తన స్నేహితురాలు కల్పలతకు రాస్తున్నట్టు సాగే ఉత్తరాలు, ఇంటి సంగతులతో పాటు చట్టాలనూ ఉద్యమాలనూ స్త్రీవిద్యనూ చర్చకు తెచ్చాయి. ఆడపిల్లకు కనీస వివాహ వయసు పద్నాలుగేళ్ళని నిర్ణయించిన శారదా చట్టం 1929లో వచ్చిందని గుర్తుంచుకుంటే, వంటింట్లో చదువుకోదగిన ఉత్తరం రూపంలో వర్తమాన వ్యవహారాలను చెప్పడం ఎంత ముందుచూపు గల పద్ధతో బోధపడుతుంది. ఆ పత్రిక పేరిట నెలకొల్పిన స్వర్ణకంకణాన్ని 1934లో తొలిసారి అందుకున్నదీ ఆ రచయిత్రే. ఔషధం, కథ, చట్టం, ఉత్తరం ఒకే గడపలో కలిసిన ఈ సందర్భంలోనే తరువాతి వారపత్రికల స్వరూపమంతా బీజరూపంలో కనిపిస్తుంది.

ప్రశ్నోత్తర శీర్షిక, అంటే పాఠకులు ఉత్తరం ద్వారా అడిగిన సందేహానికి పత్రిక ముఖంగా జవాబు చెప్పే వారం వారం పుట, ఈ స్వరూపానికి ప్రాణం. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 1952 నుంచి దశాబ్దాల పాటు నడిపిన ప్రమదావనంలో కాపురంలోని కలతల నుంచి చర్మ సంరక్షణ దాకా, వంట నుంచి విదేశీ విశేషాల దాకా అడగరానిదంటూ లేకపోయింది. ఆవిడ నవలా రచయిత్రి, హృదయనేత్రికి 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినవారు. కథకురాలి చెవితో ఉత్తరాన్ని విన్నందువల్లనే ఆ జవాబుల్లో బోధ కంటే ఆదరణ ఎక్కువగా వినిపించింది. తోడు లేనిదే ఆసుపత్రి గడప తొక్కలేని, అత్తగారికో భర్తకో చెప్పుకోలేని బాధ గల స్త్రీకి పదిహేను పైసల ఇన్‌లాండ్ కవరు ఎంతటి స్వేచ్ఛో ఈనాటి లెక్కలతో కొలవడం కష్టం.

స్వాతి వారపత్రికలో విజయవాడ వైద్యులు డాక్టర్ జి. సమరం ఇచ్చిన జవాబులు ఈ సంప్రదాయాన్ని మరింత కఠినమైన చోటికి తీసుకువెళ్ళాయి. నాస్తికోద్యమకారుడు గోరా కుమారుడైన ఆయన, లైంగిక ఆరోగ్యం గురించి ఇళ్ళలో పెదవి విప్పని కాలంలో, ఆ విషయాన్ని తేట తెలుగులో చెప్పారు. యువకులను ఏళ్ళ తరబడి కుంగదీసిన బలహీనత భయాలలో అనేకం వ్యాధులు కావని చెప్పే ఒక్క పేరా, ఉత్తరం రాసిన ఒక్కరికే కాక రాయడానికి ధైర్యం చాలని వేలమందికి చేరింది. అదే కాలంలో కొన్ని పత్రికల వెనక పుటల్లో సర్వరోగ నివారిణుల ప్రకటనలు యథేచ్ఛగా వెలువడ్డాయన్న చేదు నిజాన్నీ ఇక్కడే ఒప్పుకోవాలి. మధుమేహం, మూర్ఛ, లైంగిక బలహీనత వంటి వాటిని నయం చేస్తామని ప్రకటించడాన్ని నిషేధిస్తూ 1954లోనే మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం వచ్చింది. ముందు పుటలో డాక్టరు పోగొట్టిన భయాన్ని వెనక పుటలో ప్రకటనదారు తిరిగి అమ్ముకోవడం సంపాదకులు చూసీచూడనట్టు ఊరుకున్న తప్పు, దానికి ఏ సమర్థనా చాలదు.

కథా విభాగం నుంచి సినిమాకు వేసిన బాట మాత్రం అందరికీ తెలిసినదే. ఆంధ్రప్రభ నవలల పోటీలో బహుమతి పొందిన కోడూరి కౌసల్యాదేవి చక్రభ్రమణం 1964లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో డాక్టర్ చక్రవర్తి అయింది. యద్దనపూడి సులోచనారాణి మీనా 1973లో విజయనిర్మల చేతిలో, సెక్రటరీ 1976లో కె.ఎస్. ప్రకాశరావు చేతిలో తెరకెక్కాయి. అయితే ఆ కథా విభాగానికి నీడలూ ఉన్నాయి. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం సీరియల్‌గా వచ్చి, చేతబడి నేపథ్యంతో లక్షలాది పాఠకులను కట్టిపడేసినప్పుడు, మూఢనమ్మకానికి శాస్త్రం ముసుగు వేశారని రంగనాయకమ్మ ఏకంగా ఒక విమర్శ గ్రంథమే రాశారు. నవలను ఆబగా చదివిన పాఠకులలోనే ఆ విమర్శకూ చెవి ఒగ్గినవారు ఉండటం గమనించదగినది. జబ్బుకు కారణం దృష్టిదోషమా సూక్ష్మక్రిమా అన్న వాదం ఆ విధంగా సభావేదికల నుంచి వీధి అరుగుల మీదికి వచ్చింది.

ఈ కలగలుపులోని అసలు బలం, పాఠకుడు తాను వెతకని దానిని కూడా చదవడంలో ఉన్నది. సీరియల్ కోసం పత్రిక తెరిచిన గృహిణి పుట తిప్పేటప్పుడు రక్తహీనత గురించి చదివింది, సినిమా బొమ్మ కోసం మంగలి దుకాణంలో సంచిక అందుకున్న కుర్రవాడు తన వంతు వచ్చేలోగా ఒక మంచి కథ పూర్తిచేశాడు, అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చిన ప్రతి నాలుగిళ్ళు తిరిగి అట్ట ఊడిపోయేదాకా పనిచేసింది. ఏది ఎవరికి కావాలో ముందే తేల్చి, అదే మళ్ళీ మళ్ళీ చేతికందించే ఫోను తెరకు ఈ గుణం లేదు. వైద్య వీడియో చూసేవారికి మరో వైద్య వీడియోయే ఎదురవుతుంది, సినిమా కబురు వెనక మరో సినిమా కబురే వస్తుంది, కథ దాదాపు ఎవరికీ తారసపడదు.

కరోనా కాలం ఈ విడిపోవడాన్ని వేగిరపరచింది. 1978లో మొదలై, ఒకటి కథానికలకూ మరొకటి నెలకొక నవలకూ అంకితమైన విపుల, చతుర వంటి పత్రికలు కూడా ఆగిపోయాయి. మిగిలినవాటిలో అచ్చు రూపంలో ఇంటింటికీ చేరుతున్నవి ప్రధానంగా దినపత్రికల ఆదివారం అనుబంధాలే. వాటిలో కథకు ఇంకా చోటు ఉన్నది, అది నిలవాలి. కావలసినదల్లా దాని పక్కనే బాధ్యత గల వైద్య పుట. 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు, అంటే దూరం నుంచి వైద్యం అందించడానికి ఏర్పరచిన నియమాలు, రోగి ఎవరో వైద్యునికీ వైద్యుడెవరో రోగికీ తెలియాలని నిర్దేశించాయి. పత్రిక జవాబు చికిత్స కాదు, తెలివిడి మాత్రమే, కనుక ఉత్తరం రాసినవారి పేరు దాగి ఉండవచ్చు, ఉండాలి కూడా. జవాబు చెప్పినవారి పేరు దాగడానికి వీల్లేదు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే సలహాలకు తల్లీ తండ్రీ ఉండరు, తప్పని తేలినా దిద్దేవారుండరు. వైద్యుడు ఇచ్చే ప్రతి మందుచీటీ మీద వైద్య మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ఇప్పటికే చెబుతున్నది. ఆదివారం అనుబంధంలో అచ్చయ్యే సలహా కింద కూడా ఆ నంబరు వేయడానికి, పొరపాటు జరిగితే మరుసటి వారం అదే చోట సవరణ ప్రకటించడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు, సంపాదకుని నిర్ణయం చాలు.