నూతన సిమెంటు కంపెనీలు - మన మూలధనము

తెలుగునాట సున్నపురాతికి కొరత లేదు. పల్నాటినుండి నల్లగొండవరకును, కడప, కర్నూలు సీమలనుండి తాండూరువరకును భూగర్భమున ఆ నిక్షేపములు విస్తారముగా నున్నవి. ఈ రాతిని చూపి నూతన సిమెంటు కంపెనీలను లేవదీయువారు ప్రజలయొద్ద మూలధనము కోరుట చిరకాలముగా జరుగుచున్నదే. రహదారికో, కాలువకో భూమినిచ్చి పరిహారద్రవ్యము పొందిన రైతు, వ్యాపారమున నాలుగురాళ్లు వెనుకవేసిన పట్టణవాసి, ఉద్యోగవిరమణ చేసిన గృహస్థు - వీరి గుమ్మములకే ఇట్టి ఆహ్వానములు ముందుగా వచ్చును. ఇల్లు కట్టని ఊరు లేదు గనుక సిమెంటుకు నష్టము రాదనునది వారి ప్రధానవాదము. ఈ వాదమున సత్యమెంత, మరుగుపడిన భాగమెంత యని విచారించుట ఆవశ్యకము.

సిమెంటు కావలసినవారు పెక్కుమంది యుండుట యొక సంగతి. సిమెంటు కంపెనీ లాభము గడించుట వేరొక సంగతి. ఈ రెండింటికిని గల యంతరమును మన దేశచరిత్రయే వెల్లడించుచున్నది. భారతదేశమున సిమెంటు చేయుటకు తొలిప్రయత్నము 1904లో చెన్నపట్టణమున జరిగి విఫలమయ్యెను. 1914లో పోరుబందరునందలి కర్మాగారము పని ప్రారంభించినది. అంతలో యూరపు మహాసంగ్రామము వచ్చి దిగుమతులు సన్నగిల్లగా, దేశీయ సిమెంటుకు మంచి గిరాకి కలిగెను. ఆ లాభములను చూచి యుద్ధానంతరమున పెక్కు కంపెనీలు ఒక్కసారిగా పుట్టినవి. ఫలితమేమి? కొనువారికంటె అమ్మువా రెక్కువైరి. ఒకరినొకరు పడగొట్టుటకై ఉత్పత్తివ్యయమునకంటెను తక్కువ ధరకు అమ్మి, కొన్ని కంపెనీలు దివాలా తీసినవి. తుదకు 1936లో పది కంపెనీలు ఏకమై అసోసియేటెడ్ సిమెంటు కంపెనీగా రూపొందినవి. ఆ ఇరువది రెండేండ్లలో దేశమునకు సిమెంటు పరిశ్రమ లభించినది. కాని తొలినాళ్ల వాటాదారులలో పలువురకు పెట్టిన సొమ్ము దక్కలేదు.

మన ప్రాంతమున జరిగినదియు దీనికి భిన్నముకాదు. విజయవాడ కేంద్రముగా ఆంధ్రా సిమెంట్సు కంపెనీ 1936లోనే స్థాపితమయ్యెను. ప్రభుత్వము ధరలపై నియంత్రణమును 1982లో కొంతభాగమును, 1989లో పూర్తిగను తొలగించిన కాలమున కృష్ణాతీరమునను, రాయలసీమలోను కర్మాగారములు వరుసగా వెలసినవి. వానిలో పేరెన్నికగన్న రాశీ సిమెంటు 1998లో ఇండియా సిమెంట్సు చేతికి పోయెను. ఆ ఇండియా సిమెంట్సే 2024లో అల్ట్రాటెక్ వశమయ్యెను. పెన్నా సిమెంటు అదే సంవత్సరమున అదానీవారి అంబుజా సంస్థకు చేరెను. ఎనుబది యేండ్లకు పైబడి బ్రదికిన ఆంధ్రా సిమెంట్సు 2022లో ఋణపరిష్కార న్యాయస్థానము నెక్కి, 2023లో సాగర్ సిమెంట్సు అధీనమయ్యెను. ప్రభుత్వరంగమునకు చెందిన ఆదిలాబాదు కర్మాగారము గత శతాబ్దము ముగియకమునుపే మూతపడినది. ఇవి ఎవరిని నిందించుటకు చెప్పిన మాటలు కావు. సొంత ప్రభుత్వము పెట్టినను, పేరుమోసిన నిపుణులు పెట్టినను, ఈ వ్యాపారధర్మము అందరకును ఒక్కటే యని తెలుపుటకు చెప్పినవి.

ఆ ధర్మ మెట్టిది? సిమెంటు బరువైన సరకు, వెల తక్కువ సరకు. దూరము పోయినకొలది కూలి దాని లాభమును మ్రింగివేయును. అందుచేత గనియొద్ద రాయి చవుకగా దొరకుటయేగాక, విపణి సమీపమున నుండవలెను. రైలుమార్గము అందుబాటులో నుండవలెను. ఒక టన్ను క్లింకరునకు దాదాపు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావలెను. ఏటేట పదిలక్షల టన్నుల క్లింకరు చేయు కర్మాగారము ముప్పదియేండ్లు నడువవలెనన్న నాలుగున్నర కోట్ల టన్నుల రాయి దాని స్వాధీనమున నుండవలెను. ఆ రాతిని సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్చుటకు బొగ్గు కావలెను; మరలు త్రిప్పుటకు విద్యుత్తు కావలెను. బొగ్గు ధర విదేశపు విపణిలో పెరిగినను ఆ భారము మన కొలిమిమీదనే పడును.

అన్నిటికంటె భారమైనది వడ్డీ. లెక్క సులభముగా తెలియుటకు ఒక ఊహోదాహరణము చెప్పెదము. పదిలక్షల టన్నుల సామర్థ్యముగల కర్మాగారమునకు ఆరువందల కోట్లు నూటికి పది వడ్డీచొప్పున అప్పు తెచ్చిరనుకొందము. ఏటికి వడ్డీయే అరువది కోట్లు. పూర్తి సామర్థ్యముతో నడచిన టన్నుకు ఆరువందల రూపాయలు, అనగా ఏబది కిలోల బస్తాకు ముప్పది రూపాయలు వడ్డీక్రింద పోవును. సగమే నడచిన బస్తాకు అరువది రూపాయలగును. యంత్రముల అరుగుదల, జీతబత్తెములు ఇట్లే రెట్టింపగును. పొరుగు కంపెనీ అప్పు తీర్చివేసి, పాతయంత్రములతో పూర్తిగా నడచుచున్నదేని, ఆ బస్తామీద అరువది రూపాయలు తగ్గించి అమ్మినను దానికి నష్టము లేదు. కొత్త కంపెనీ బ్రదుకు ఈ వ్యత్యాసముపై నాధారపడియున్నది.

ఇట్టి స్థితిలో నేటి విపణి యెట్లున్నదో చూతము. సిమెంటు ఉత్పత్తిలో భారతదేశము చైనా తరువాత ద్వితీయస్థానమున నున్నది. దక్షిణభారతమున, విశేషించి తెలుగురాష్ట్రములలో, స్థాపిత సామర్థ్యము స్థానికావసరమును మించి చిరకాలమైనది. 2022లో అదానీవారు అంబుజా, ఎ.సి.సి.లను కొనినపిమ్మట దేశపు సిమెంటు వ్యాపారమున రెండు మహాసంస్థల పోటీ తీవ్రమైనది. వారికి స్వంత విద్యుత్తు కలదు, రేవులు కలవు, ఊరూర అంగళ్లు కలవు. ధర తగ్గినను రెండుమూడేండ్లు ఓర్చుకొనగల ధనబలము కలదు. చిన్నకంపెనీకి ఆ యోర్పు అప్పిచ్చినవాని దయాదాక్షిణ్యములపై నుండును.

మరి అనుకూలాంశములు లేవా? కలవు. 2025 సెప్టెంబరులో సిమెంటుపై వస్తుసేవల పన్ను నూటికి 28 నుండి 18కి తగ్గినది. అమరావతి నిర్మాణము, పోలవరము, రహదారులు సిమెంటును పుష్కలముగా కోరుచున్నవి. థర్మల్ విద్యుత్కేంద్రముల బూడిదను నూటికి ముప్పదియైదు పాళ్లవరకు కలుపుటకు ప్రమాణములు అనుమతించుచున్నవి గనుక, విపణిసమీపమున పిండిమర మాత్రమే స్థాపించి స్వల్పవ్యయముతో వ్యాపారము నడపుటకు వీలున్నది. విశాఖ ఉక్కుకర్మాగారమువంటి వాని చిట్టెముతోను సిమెంటు చేయవచ్చును. అయితే క్లింకరును ఇతరులయొద్ద కొనవలసిన పిండిమరవారికి, అమ్మువాడే తమ పోటీదారు డగు ఇబ్బంది తప్పదు.

కావున కొత్త కంపెనీ వాటాలు కొనుమని కోరువారిని మన పెట్టుబడిదారులు సంకోచింపక అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. మొదటిది గనిని గూర్చినది. 2015 చట్టసవరణానంతరము గనుల కౌళ్లు వేలముద్వారా లభించుచున్నవి. వేలమున ఎక్కువ పాట పాడినవాడు రాయి తీసినంతకాలము ఆ భారమును మోయవలెను. కౌలు చేతికి వచ్చినదా, వచ్చునను ఆశయేనా? పాట యెంత? రాయి ఎన్నియేండ్లకు చాలును? రెండవది అనుమతులను గూర్చినది. పర్యావరణానుమతియు, నీటివసతియు లభించినవా? సున్నపురాయి కాలునపుడు బొగ్గుపులుసు గాలి విడుదలయగుట అనివార్యము. దానికి ప్రభుత్వము 2025లో లక్ష్యములు నిర్ణయించినది గనుక ఆ వ్యయమును అంచనాలో చేర్చిరా? మూడవది స్థాపకులను గూర్చినది. వారు రొక్కముగా పెట్టినదెంత? తమ భూములనే కంపెనీకి హెచ్చువెలకు అంటగట్టి వాటాలు పుచ్చుకొనినదెంత? నాలుగవది అప్పును గూర్చినది. కర్మాగారము సగమే నడచిన యేట వడ్డీ తీర్చు మార్గమేమి?

అయిదవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. ఇది సెబీ పరిశీలనకు లోబడి, విపణిలో నమోదుకాబోవు వాటాయా, చేతిలో కాగితముపెట్టి సొమ్ము పుచ్చుకొను వ్యవహారమా? 2013 కంపెనీల చట్టముననుసరించి ఒక ఆర్థికసంవత్సరమున రెండువందలమందికి మించి వాటాలు ఇవ్వజూపినచో అది బహిరంగవితరణ యగును. దానికి వివరణపత్రమును ప్రకటింపవలెను. బంధువులద్వారాను, గ్రామపెద్దలద్వారాను మాటమీద ప్రోగుచేయు సొమ్మునకు ఈ రక్షణ యుండదు. నమోదుకాని వాటాను అవసరమునకు అమ్ముకొనుటయు దుర్లభము. కంపెనీ దివాలా తీసినచో బ్యాంకులు, కార్మికులు, ప్రభుత్వము పుచ్చుకొనగా మిగిలినదేమైన నున్న కట్టకడపట వాటాదారునకు దక్కును. మిగులుట అరుదు.

"మన రాయి, మన కంపెనీ, మనవారే పెట్టుబడి పెట్టవలదా?" యని కొందరు ప్రశ్నించుచుందురు. స్వదేశాభిమానము ప్రశంసనీయమే. మన నేలలో పుట్టిన సంపద మనవారి చేతిలో నుండవలెనను కోరిక మాకును కలదు. అయితే అభిమానమును తాకట్టుపెట్టి అంకెలను మరుగుపరచుట దేశసేవ గాదు. విఫలమైన కంపెనీ ఒక్కొక్కటి వందలకుటుంబముల పొదుపును హరించుటయేగాక, పదేండ్లవరకు ఆ జిల్లాలో మరియొక పరిశ్రమకు పెట్టుబడి పుట్టకుండ చేయును. మంచి కంపెనీకి కావలసినది ప్రశ్నలడుగు వాటాదారులే గాని చేతులెత్తి మ్రొక్కువారు కారు.

ఇందు ప్రభుత్వముల బాధ్యతయు కలదు. వివరణపత్రములు వందల పుటల ఆంగ్లమున నుండగా, ఏ గ్రామమువారి భూమియు నీరును ఆ కర్మాగారమునకు పోవుచున్నవో ఆ గ్రామమువారికే వాని యర్థము తెలియకుండుట అన్యాయము. అప్పు, గని, అనుమతి, స్థాపకుల వాటా - ఈ నాలుగింటి సంగ్రహమును సుబోధమగు తెలుగున ప్రకటింపవలెనను నిబంధన రావలెను.

అంతవరకు మా హితవు స్పష్టము. అడిగిన ప్రశ్నలకు వ్రాతమూలకముగా సమాధానములు లభించినచో, పోయినను సంసారము కుంటువడనంత సొమ్మును మాత్రమే కొత్త కంపెనీలో పెట్టవచ్చును. సిమెంటు ధర తగ్గియున్న సంవత్సరపు లెక్కలోను ఆ కంపెనీ నిలుచునట్లు కన్పడవలెను. భూమిని కుదువపెట్టియో, బిడ్డల చదువునకు దాచినదానిని తీసియో వాటాలు కొనరాదు. సిమెంటు గట్టిపడుటకు కొన్నిగంటలు చాలును. సిమెంటు కంపెనీ గట్టిపడుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లు వేచియుండగలవారే ఇందు ప్రవేశింపవలెను.