కాట్టుపల్లి గదులు: అద్దె యజమానికి, ప్రమాదం ఎవరికి?

2025 సెప్టెంబరు మొదటి వారంలో కాట్టుపల్లి ఒక్కసారిగా వార్తలకెక్కింది. అక్కడి నౌకా నిర్మాణ కేంద్రంలో పనిచేస్తున్న ఉత్తరప్రదేశ్ కార్మికుడొకరు తాము ఉంటున్న వసతి భవనంలో పైనుంచి పడి మరణించారు. పరిహారం కోరుతూ తోటి వలస కార్మికులు పెద్ద సంఖ్యలో ఆందోళనకు దిగారు. రాళ్లు పడ్డాయి, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు, పలువురు అరెస్టయ్యారు. ఆ తరువాత జరిగిన చర్చ అంతా పరిహారం చుట్టూ, శాంతిభద్రతల చుట్టూ తిరిగింది. ఆ కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నది పనిచేసే చోట కాదు, నిద్రపోయే చోట. ఈ సంగతి మీద నిలిచి ఆలోచించినవారు తక్కువ.

అది సంస్థకు అనుబంధమైన వసతి గనుక బాధ్యులెవరన్న వాదన ఎలాగో ఒక దారిన సాగింది. అదే ప్రమాదం మీంజూరులోనో, అత్తిపట్టులోనో, పొన్నేరిలోనో ఒక చిన్న యజమాని కట్టిన వరుస గదుల మెట్ల మీద జరిగి ఉంటే? తిరువళ్లూరు జిల్లా ఈశాన్య మూలన వేలాది కుటుంబాలకు ఇది ఊహాప్రశ్న కాదు.

కాట్టుపల్లి ఒకవైపు సముద్రం, మరొకవైపు బకింగ్‌హాం కాలువ నడుమ సన్నగా సాగిన ఇసుక నేల. 2001లో ఎన్నూరు రేవు ప్రారంభమైంది. 2010లో మీంజూరు పేరిట పిలిచే రోజుకు 10 కోట్ల లీటర్ల ఉప్పునీటి శుద్ధి కేంద్రం ఇక్కడే మొదలైంది. 2013లో కాట్టుపల్లి రేవు నౌకలను అందుకున్నది. 2018లో ఆ రేవు అదానీ సంస్థ చేతికి వచ్చింది. ఉత్తర చెన్నై విద్యుత్ కేంద్రాలు సరేసరి. ఇన్ని నిర్మాణాలకు వచ్చిన కూలీలు, వెల్డర్లు, ఫిట్టర్లు ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి. రేవుల లోపలి వసతి అందరికీ చాలదు. ఆ కొరతను తీర్చినవారు పెద్ద పెట్టుబడిదారులు కారు. పొలం అమ్మిన సొమ్ముతోనో, నగలు కుదువపెట్టిన అప్పుతోనో పాత ఇంటి మీద ఒక అంతస్తు లేపి, పెరట్లో ఆరు గదులు వరుసగా వేసినవారు. వారిలో తెలుగు ఇళ్లవారూ తక్కువేమీ కాదు.

ఈ యజమానులలో అధికుల పద్ధతి ఒక్కటే. ఆరుగురు అద్దెదారులతో ఆరుసార్లు మాట్లాడటం కన్నా ఒక మేస్త్రీకి గదులన్నీ అప్పగించడం సుఖం. అడ్వాన్సు ఒకేసారి వస్తుంది, నెల తిరిగేసరికి అద్దె ఒకే చేతినుంచి వస్తుంది, గది ఖాళీగా ఉన్న దిగులు ఉండదు. వ్యాపార నిర్వహణ దృష్టితో చూస్తే ఇంతకన్నా తేలిక ఏర్పాటు లేదు. బాధ్యత దృష్టితో చూస్తే ఇంతకన్నా ప్రమాదకరమైనదీ లేదు. నలుగురికని ఇచ్చిన గదిలో పన్నెండు మంది పడుకుంటున్నారో, రాత్రి పాళీ వారు లేచిన చాపల మీద పగటి పాళీ వారు వాలుతున్నారో యజమానికి తెలియదు. ఒక్క ప్లగ్గు మీద ఎన్ని హీటర్లు నడుస్తున్నాయో తెలియదు. కాని కరెంటు కార్డు మీద పేరు ఆయనది, ఇంటి పన్ను రశీదు మీద పేరు ఆయనది. ప్రమాదం జరిగిన నాడు మేస్త్రీ ఫోను మూగబోతే పోలీసులు మొదట తట్టేది ఆ పేరు గల తలుపునే.

చట్టం ఏమంటున్నది? ఇంటిని ఏ అవసరానికి అద్దెకిస్తున్నారో ఆ అవసరానికి అడ్డువచ్చే లోపం యజమానికి తెలిసి, మామూలు జాగ్రత్తతో అద్దెదారుకు కనబడనిదైతే దానిని ముందే చెప్పితీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. స్లాబులో కడ్డీ తుప్పుపట్టిందని తెలిసి సున్నం పూసి అద్దెకిచ్చిన యజమాని ఆ సెక్షన్ ముందు చేతులు కట్టుకు నిలబడవలసిందే. నిర్లక్ష్యం మూలంగా మరణం సంభవించిందని రుజువైతే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లు మాత్రమే. రెయిలింగు లేని మెట్లు, మోకాలెత్తు పిట్టగోడ, కరెంటు లీకైన క్షణాన సరఫరా ఆపే ఆర్‌సీసీబీ లేని స్విచ్ బోర్డు... ఇన్నాళ్లూ ఖర్చు తగ్గించే ఉపాయాలుగా చెలామణి అయినవి ఇప్పుడు న్యాయస్థానంలో సాక్ష్యాలు కాగలవు.

అన్నిటికన్నా ఎక్కువ ఏమరుపాటు కనిపించేది సెప్టిక్ ట్యాంకు దగ్గర. నలుగురి కోసం తవ్విన ట్యాంకు నలభై మందికి పనిచేస్తే తరచు నిండుతుంది; ఎవరో ఒకరిని పిలిచి లోపలికి దించుతారు. 2023 మే నెలలో మీంజూరులోనే ఒక ప్రైవేటు పాఠశాల సెప్టిక్ ట్యాంకులో ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు మరణించగా పాఠశాల నిర్వాహకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడమే నేరం; తొలి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. ఇటువంటి మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచుతూ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. యంత్రంతో తోడించే లారీకి అయ్యే ఖర్చును ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే లెక్క చెప్పనక్కరలేదు.

అద్దె ఒప్పందం విషయంలో తమిళనాడు 2017లో కొత్త చట్టం చేసి 2019 ఫిబ్రవరి నుంచి అమలులోకి తెచ్చింది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం దానితో రద్దయింది. మీంజూరు, పొన్నేరి వంటి పట్టణ పరిధులలో ఇకమీదట నోటిమాట చెల్లదు. ఒప్పందం కాగితం మీద ఉండాలి, అద్దె అధికారి వద్ద నమోదు కావాలి. పదకొండు నెలలకు రాసుకుంటే ఏ నమోదూ అక్కరలేదన్న పాత ధీమా ఇక్కడ పనికిరాదు. యజమాని లిఖితపూర్వక అనుమతి లేనిదే అద్దెదారు మరొకరికి ఇవ్వరాదని కూడా ఈ చట్టం చెబుతున్నది. మేస్త్రీ తెచ్చిపెట్టిన కార్మికులు ఎవరి అద్దెదారులన్న చిక్కుకు మొదటి జవాబు ఆ వాక్యంలో ఉన్నది. ఎవరిని, ఎంతమందిని, ఏ పేర్లతో ఉంచవచ్చునో ఒప్పందంలో రాసుకున్న యజమాని ఒక తీరు. అడ్వాన్సు తీసుకుని తాళం చేతులిచ్చిన యజమాని మరొక తీరు. గోడలకు, పైపులకు, లోపలి వైరింగుకు యజమాని, కుళాయి వాషర్లకు, స్విచ్చులకు అద్దెదారు అని మరమ్మతుల బాధ్యతను కూడా ఆ చట్టమే పంచిపెట్టింది. మేస్త్రీ అద్దె ఎగవేశాడని కార్మికుల నీళ్లు, కరెంటు ఆపించే అలవాటు కొందరికి ఉన్నది. ఆ పని చట్టం స్పష్టంగా నిషేధించింది.

ఉంటున్నవారి వివరాలు పోలీసులకు ఇవ్వడం మరొక ముచ్చట. 2012 ఫిబ్రవరిలో వేళచ్చేరిలోని అద్దె ఇంట్లో బ్యాంకు దోపిడీ అనుమానితులు అయిదుగురు పోలీసు కాల్పులలో హతులైన తరువాత, అద్దెదారుల వివరాలు స్టేషనులో ఇవ్వాలని చెన్నై పోలీసు కమిషనరు యజమానులను ఆదేశించారు. ఉత్తరాది కూలీ అంటేనే అనుమానించే ధోరణికి అది కొంత ఊతమిచ్చిందన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయినా గుర్తింపు కార్డు నకలు, ఊరిలోని బంధువు ఫోను నంబరు రాసి ఉంచుకోవడం అనుమానానికి గుర్తు కానక్కరలేదు. ప్రమాదంలో పోయినవాని కబురు తల్లికి చేరవేయడానికి కూడా ఆ కాగితమే ఆధారం.

జనం పెరిగితే ఏర్పాటు ఎలా కూలుతుందో ఇదే జిల్లా 2021 డిసెంబరులో చూసింది. శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ కర్మాగారపు మహిళా కార్మికుల వసతి గృహంలో ఆహారం విషమై 150 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. వేలాది మహిళలు చెన్నై–బెంగళూరు రహదారిని దిగ్బంధించారు. మహిళలకు గదులిచ్చి హాస్టలుగా నడిపేవారికి 2014 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. మామూలు ఇల్లే కదా అని మంచాలు వేసి, వంటమనిషిని పెట్టిన రోజున ఆ ఇల్లు చట్టం కంట హాస్టలవుతుంది.

పన్నుల సంగతి అంత జటిలం కాదు. నెలకు మనిషికి 20 వేల లోపు తీసుకుని, కనీసం 90 రోజులు వరుసగా ఉంచే వసతికి 2024 జూలై నుంచి జీఎస్టీ మినహాయింపు ఉన్నది. జీఎస్టీ నమోదు గల కాంట్రాక్టు సంస్థ ఇంటిని తీసుకుంటే 2022 జూలై 18 నుంచి ఆ పన్ను సంస్థే కట్టాలి. బీమా వద్దనే మోసపోయేది. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలూ ఇస్తున్న భారత్ గృహ రక్ష అగ్ని, వరద, తుపాను నష్టాలకు పనికివస్తుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను చెన్నై ఉత్తర శివార్లను ముంచినప్పుడు అటువంటి పాలసీ విలువ తెలిసింది. కాని మెట్ల మీద జారిన మనిషికి అది భరోసా కాదు. మూడో వ్యక్తికి కలిగే హానికి వేరే బాధ్యతా బీమా తీసుకోవాలి. ఆ మాట ఏజెంటు తనంతట చెప్పడం అరుదు.

మేస్త్రీ బాధ్యత ఏమైందని అడగవచ్చు. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు తగిన వసతి కల్పించే భారాన్ని 1979 నాటి చట్టం కాంట్రాక్టరు మీద పెట్టింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలో ఆ చట్టం విలీనమైంది. ఆ పాత చట్టం మాట్లాడింది కాంట్రాక్టరుతోనే గాని, గోడలు గల యజమానితో కాదు. కాంట్రాక్టరుకు ఆ భారం ఉన్నంతమాత్రాన యజమాని భారం తీరదు. ఒకే మెట్ల మీద ఇద్దరూ నిలబడి ఉంటారు.

కాట్టుపల్లి రేవును 330 ఎకరాల నుంచి 6,110 ఎకరాలకు విస్తరించాలన్న ప్రతిపాదనపై 2021లోను, 2023లోను తలపెట్టిన ప్రజాభిప్రాయ సేకరణలు వాయిదా పడ్డాయి. పళవేర్కాడు జాలరుల అభ్యంతరం బలమైనది, న్యాయమైనది కూడా. ఆ విస్తరణ రాబోతున్నదన్న ఆశతో మాత్రం అప్పు చేసి మరో అంతస్తు లేపుతున్నవారు ఉన్నారు. 1960 ఏప్రిల్‌లో సరిహద్దు సవరించినప్పుడు ఇవతలికి వచ్చిన సత్యవేడు గడ్డ మీద శ్రీసిటీ లేచిన తరువాత తడ, వరదయ్యపాళెం పరిసరాలలోనూ ఇదే దృశ్యం. పునాది నలుగురికి వేసినది, ఉండబోయేది నలభై మంది, మెట్లకు రెయిలింగు వచ్చే ఏడాది వేయిద్దామని అనుకున్నది.