కిటికీ జాలీ మీద బొమ్మల కథ

వేసవి మధ్యాహ్నం వీధివైపు కిటికీ తెరిస్తే దారినపోయేవాళ్ళ చూపులన్నీ మన ముందుగదిలోనే! మూస్తే ఉక్కపోత. పరదా వేస్తే గాలాడదు. ఈ తంటా మనకొక్కళ్ళకే అనుకుంటున్నారా? అమెరికాలో బాల్టిమోర్ అనే రేవు పట్నంలో ఇల్లాళ్ళకూ ఇదే బాధ ఉండేది. అందులోంచి ఏకంగా ఒక కళే పుట్టింది.

మేరీలాండ్ రాష్ట్రంలో, పటాప్‌స్కో నది ఒడ్డున ఉంది బాల్టిమోర్. ఓడల్లో వచ్చి దిగిన జర్మన్లు, పోలండువాళ్ళు, చెక్‌లు రేవులోనూ, టమాటాలు, ఆల్చిప్పల మాంసం డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లోనూ పనికి కుదిరారు. వాళ్ళ కాపురాలు వరస ఇళ్ళలో. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. గుమ్మం ముందు నాలుగు మెట్లు, అవి దిగితే వీధే.

1913లో విలియం ఆక్టవెక్ అనే చెక్ కిరాణా వ్యాపారి, బయట పెట్టిన కూరలు, పళ్ళు ఎండకు వాడిపోతున్నాయని వాటిని లోపలికి మార్చేశాడు. మరి కొనేవాళ్ళకు తెలిసేదెలా? బొమ్మలు వేయడం వచ్చినవాడు కనక, కొట్టు తలుపుకున్న ఈగల జాలీ మీద వాటి బొమ్మలే వేశాడు. ఓ పొరుగింటావిడ అది చూసి ఒక విషయం పసిగట్టింది. బయటినుంచి కొట్టు లోపల ఏమీ కనబడటంలేదు, లోపలినుంచి మాత్రం వీధంతా కనబడుతోంది! వీధి మలుపులో నిలబడి తన ఇంట్లోకి చూసే మగవాళ్ళతో ఆవిడ అప్పటికే విసిగిపోయి ఉంది. తన కిటికీకీ అలా వేసిపెట్టమంది. అంతే, ఇరుగుపొరుగుకు పాకింది. ఎర్ర కప్పు ఇల్లు, ముందు కొలనులో హంసలు... వేల కిటికీలకు ఇలాంటి బొమ్మలు వెలిశాయి.

కిటుకేమిటంటే, రంగు జాలీ తీగల మీదే ఉండాలి, కన్నాలు పూడకూడదు. పగటి వెలుగు రంగు మీద పడి బయటివాళ్ళ చూపు బొమ్మ దగ్గరే ఆగిపోతుంది. లోపల చీకటిగా ఉంటుంది కనక, మనకి కన్నాల్లోంచి వీధి కనిపిస్తుంది. గాలీ వస్తుంది. రాత్రి ఇంట్లో దీపం వేస్తే మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. అప్పుడు పరదా వేసుకోవాల్సిందే!

కిటికీ సరే, ఆ ఇళ్ళ మెట్లు చూడాలి. చాలా ఇళ్ళకు తెల్ల పాలరాతి మెట్లే. దగ్గర్లోని కాకీస్‌విల్ గనుల రాయి. మనం వాకిలి కడిగి ముగ్గు పెట్టినట్టు, అక్కడి ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని బాన్ అమీ పొడి, ప్యూమిస్ రాయితో ఆ మెట్లు తోమేవారు. అదీ వాళ్ళ గొప్ప.

తర్వాత ఏసీలు వచ్చాయి. కిటికీలు మూసుకున్నాయి, జాలీ బొమ్మలు తగ్గిపోయాయి. ఈ కళ కనుమరుగు కాకూడదని 1985లో అక్కడ పెయింటెడ్ స్క్రీన్ సొసైటీ పెట్టారు. కొత్తవాళ్ళకు నేర్పించారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఆక్టవెక్ పేరే ముందు వినిపిస్తుంది. నిజమే, కుంచె ఆయనదే. కానీ ఆ పొరుగింటావిడ గమనించి అడక్కపోతే ఆ బొమ్మ కొట్టు తలుపు దాటి వచ్చేదా? మీరే చెప్పండి.