ఇల్లు మారితే రాత ఎందుకు ఆగిపోవాలి?

ఇల్లు మారడం అనగానే అందరికీ గుర్తొచ్చేవి అట్టపెట్టెలు, ప్యాకింగ్ టేపు, అడ్వాన్సు కోసం ఓనర్ చుట్టూ తిరగడం, గ్యాసు, ఇంటర్నెట్ వాడి కోసం ఎదురుచూపులు. వీటన్నిటికీ మన దగ్గర లిస్టులుంటాయి. లిస్టులో ఎక్కనివి కొన్ని ఉంటాయి. సగంలో ఉన్న కథ, నేర్చుకుంటున్న వేణువు, వారానికో బొమ్మ వేసే అలవాటు. "ఇల్లు సర్దుకున్నాక చూద్దాంలే" అంటాం. నాకు తెలిసిన చాలామంది విషయంలో ఆ "చూద్దాంలే" ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది.

నా ఉద్దేశంలో ఇల్లు మారినప్పుడు ఈ పనులు ఆగిపోయేది టైం లేక కాదు, టేబుల్ లేక కాదు. అడిగేవాళ్ళు లేక.

మా ఆఫీసు భాషలో చెప్తాను. ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మారేటప్పుడు ఫైళ్ళు కాపీ చెయ్యడం పెద్ద పని కాదు, ఒక రాత్రిలో అయిపోతుంది. అసలు తిప్పలు ఎక్కడంటే, పాత సర్వర్‌ని రోజూ పలకరించే ప్రోగ్రాములకి కొత్త అడ్రసు తెలియదు. ఫైళ్ళన్నీ భద్రంగానే ఉంటాయి, అడిగే దిక్కుండదు. ఇల్లు మారినా అంతే. నోటుబుక్కు పెట్టెలో భద్రంగానే వస్తుంది. పాత వీధిలో టీ తాగుతూ "తర్వాతేమైంది నీ కథ?" అని అడిగేవాడు మాత్రం రాడు.

దీనికి మా వైపే ఒక మంచి ఉదాహరణ ఉంది. మాది సోమల. మాకు టౌనంటే పుంగనూరు, ఇంకా పెద్ద టౌనంటే మదనపల్లె. మదనపల్లె అంటే ఇప్పుడందరికీ టమాటా మార్కెట్టే గుర్తొస్తుంది గానీ, వందేళ్ళ కిందట అక్కడి కాలేజీలో జేమ్స్ కజిన్స్ అని ఒక ఐరిష్ కవి ఉండేవాడు. ఆయన, ఆయన భార్య మార్గరెట్ మారినన్ని ఇళ్ళు మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం కూడా మారి ఉండం. ఆయన బెల్‌ఫాస్ట్‌లో పుట్టి డబ్లిన్‌కి వచ్చాడు. తర్వాత ఇద్దరూ లివర్‌పూల్, అక్కణ్ణించి 1915లో మద్రాసు. అక్కడ అనీబిసెంట్ పత్రిక న్యూ ఇండియాలో ఉద్యోగం. 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటుని మెచ్చుకుంటూ రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. అప్పుడు ఆదుకున్నది కూడా బిసెంటే, మదనపల్లె కాలేజీలో పని ఇచ్చి.

దేశం కాని దేశం, భాష తెలియని ఊరు, ఊడిన ఉద్యోగం. "సర్దుకున్నాక చూద్దాం" అనడానికి ఇంతకన్నా మంచి సాకులు ఏం కావాలి? అయినా 1917లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలుపెట్టిన వాళ్ళలో మార్గరెట్ ఒకరు. 1918కల్లా ఆయన ది రినైసెన్స్ ఇన్ ఇండియా పుస్తకం తెచ్చాడు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ దక్షిణాది పర్యటన మధ్యలో ఈ స్నేహితుల దగ్గరికి వచ్చి కొన్ని రోజులున్నాడు. కాలేజీలో పాటలు పాడుకునే ఒక సాయంత్రం కజిన్స్ అడిగితే "జనగణమన" పాడాడు. పాట కొత్తది కాదు, 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభల్లోనే పాడారు. మదనపల్లెలో కొత్తగా జరిగినవి రెండు. ఫిబ్రవరి 28న టాగోర్ తన చేత్తోనే దాన్ని ఇంగ్లీషులోకి రాశాడు. డబ్లిన్‌లో సంగీతం డిగ్రీ చదివిన మార్గరెట్ ఆయన్ని అడిగి బాణీకి స్వరాలు రాసిపెట్టింది.

ఇందులో స్నేహితులు చేసిన సాయం ఏంటో విడదీసి చూడండి. ఒకటి, ఉండటానికి చోటు ఇచ్చారు. రెండు, "పాడండి" అని అడిగారు. మూడు, తమకొచ్చిన విద్యతో ఒక చెయ్యి వేశారు. మనం స్నేహితుల సాయం అంటే మొదటి దానిదగ్గరే ఆగిపోతాం. ఫ్రిజ్ మోస్తాం, బిర్యానీ తెప్పిస్తాం, వెళ్ళిపోతాం. నన్నడిగితే ఫ్రిజ్ మొయ్యడానికి కూలీ దొరుకుతాడు. అడగడానికి కూలీ దొరకడు.

"టాగోరేమన్నా గిన్నెలు తోమాడా, గ్యాసు బుక్ చేశాడా?" అంటారేమో. ఒప్పుకుంటాను. పైగా ఆయనది పర్యటన, ఇల్లు మారడం కాదు. కానీ సొంత గది, సొంత కుర్చీ లేకుండా పని జరిగింది కదా! "రాయడానికి ఏకాంతం కావాలి, స్నేహితులు ఎందుకు?" అనేవాళ్ళూ ఉన్నారు. రాసే గంటకి ఏకాంతం కావాలి, నిజమే. ఆ గంట కూర్చోబెట్టడానికి మాత్రం ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి.

నా సంగతే చెప్తాను. బెంగుళూరులో ఆరేళ్ళలో ఇది ఐదో ఇల్లు. మా అవ్వ వాడే మాటలు రాసిపెట్టుకోవడం నా పిచ్చి. చెనిక్కాయలు, పితికిపప్పు, ఊరిబిండి లాంటివి. పోయిన నెల ఇల్లు మారే ముందు ఆ నోటుబుక్కుని అట్టపెట్టెలో వెయ్యలేదు, పుంగనూరు ఫ్రెండు చేతికి ఇచ్చాను. వాడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి "ఏమిరా, ఈ వారం ఎన్ని మాటలొచ్చినాయి?" అంటాడు. ఇంట్లో ఇంకా మంచం బిగించలేదు, మాటలు మాత్రం నలభై చేరాయి. అవ్వకి ఎనభై దాటాయి మరి. నేను సర్దుకునే దాకా ఆవిడ ఆగాలని రూలేం లేదు.

అందరికీ ఇలా అడిగేవాడు ఉండడు. ముఖ్యంగా ఆడవాళ్ళకి. మా అక్క పెళ్ళికి ముందు బ్రహ్మాండంగా బొమ్మలు వేసేది. బావకి ట్రాన్స్‌ఫర్లు, నాలుగు ఊళ్ళు మారారు. మారిన ప్రతిసారీ చుట్టాలందరూ అడిగిన ప్రశ్న ఒకటే, "వంటిల్లు సర్దుకున్నావా?" రంగుల పెట్టె ఏమైందని ఎవరూ అడగలేదు. అది ఇప్పుడు అటక మీద ఉంది. అడిగినవన్నీ సర్దుకున్నాయి, అడగనిది అటకెక్కింది.

కాబట్టి ఇల్లు మారేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. సగంలో ఉన్న పనిని ఒక స్నేహితుడి చేతికివ్వండి, అడిగే రోజు ముందే ఖాయం చేసుకోండి. మీకు తెలిసినవాళ్ళు ఇల్లు మారుతుంటే, పాలు పొంగించే రోజు వెళ్ళి భోంచెయ్యండి, పెట్టెలు కూడా మొయ్యండి. వచ్చేసే ముందు "నీ బొమ్మలు ఏ పెట్టెలో ఉన్నాయి? ముందు అది విప్పుదాం" అనండి.

వచ్చే నెల మా అక్కావాళ్ళు మళ్ళీ మారుతున్నారు. అటక ఖాళీ చేసే పని నేను తీసుకున్నాను.