ఆ ఓడ అక్టోబరులోనే బయల్దేరాలి

కేంద్ర భూవిజ్ఞాన శాస్త్ర మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి,

ధ్రువ ప్రాంతాల కోసం మన దేశం సొంతంగా పరిశోధన నౌక కట్టుకోబోతోందనీ, దాని డిజైను కోసం కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ సంస్థ 2025 జూన్‌లో నార్వే కంపెనీ కాంగ్స్‌బర్గ్‌తో అవగాహనకు వచ్చిందనీ చదివి ఎంతో సంతోషించాను. 1981లో మొదటి యాత్ర నుంచీ అంటార్కిటికాకు అద్దె ఓడలే మనకు దిక్కు. డిజైను ఇంకా కాగితం మీద ఉండగానే ఒక మనవి. ఆ ఓడను అక్కడి మన పరిశోధన కేంద్రాలైన మైత్రికీ భారతికీ డీజిలు, బియ్యం మోసే బండిగానే వాడకండి. ఏటా కొన్ని వారాలు వృక్షప్లవకాలకు, అంటే నీటిలో తేలుతూ మొక్కల్లా ఎండతో బతికే సూక్ష్మజీవుల పరిశీలనకు, కేటాయించండి. అదీ అక్కడ వసంతం వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో.

నేను ముప్పై ఏళ్లు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. విశాఖ తీరంలో పట్టి తెచ్చిన నీటిచుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, డయాటమ్ అనే వృక్షప్లవకం కనపడగానే పిల్లల్ని పిలిచేవాణ్ణి. గాజుతో చేసిన కుంకుమ భరిణ లాంటిది అది. అడుగు ఒకటి, దానిమీద సరిగ్గా కూర్చునే మూత ఒకటి. ఒళ్లంతా బారులు తీరిన సన్నని బెజ్జాలు, లోపల బంగారు గోధుమరంగు. దక్షిణ మహాసముద్రాన్ని సాకేది ప్రధానంగా ఈ భరిణలే. చలికాలం వెళ్లేసరికి సముద్రపు మంచుపలక అడుగున ఇవి దట్టంగా పడతాయి. ఆ మంచును కోసి తిరగేస్తే కింది భాగం కాఫీ డికాక్షన్ ఒలికినట్టు ఉంటుంది. రొయ్యల్లాంటి చిన్న జీవులైన క్రిల్ పిల్లలు దాన్ని గీరుకుని తింటాయి. ఎండ పెరిగి మంచు కరిగితే ఉప్పు తక్కువైన తేలిక నీరు పైన పొరగా నిలుస్తుంది. ఆ పొర ప్లవకాలను లోతుకు జారనివ్వకుండా వెలుతురులోనే ఉంచుతుంది. ప్లవకాలు పెరగడానికి కావలసిన ఇనుమూ, మంచులో పేరుకున్నది, అప్పుడే నీళ్లలో కలుస్తుంది. ఇక సముద్రం పచ్చబడుతుంది. క్రిల్, పెంగ్విన్లు, తిమింగలాలు అన్నీ ఆ పంట మీద బతికేవే. మంచు విడిపోయాక వెళ్లే ఓడ కోతలు చూస్తుంది గానీ నాట్లు చూడదు.

ఉపగ్రహాలున్నాయి కదా అంటారేమో. వాటి విలువ నాకు తెలుసు. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సముద్రపు రంగు, వేడి చూసి చేపల జాడ చెబితే మన మత్స్యకారులు బోటు అటు తిప్పుతున్నారు. కానీ ఆ కన్ను మబ్బు కిందా మంచు కిందా పనిచేయదు. 2011 జూలైలో అమెరికా మంచుకోత నౌక హీలీ ఆర్కిటిక్‌లోని చుక్చీ సముద్రంలో దాదాపు మీటరు మందం మంచును చీల్చుకుంటూ వెళ్లింది. వెలుతురు చాలదనుకున్న ఆ మంచు కింద వంద కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ప్లవకాల పొంగును శాస్త్రవేత్త కెవిన్ ఆరిగో బృందం చూసింది. ఓడ అక్కడ ఉంది కాబట్టే చూసింది.

ఎంత పచ్చబడిందన్నది తెలిస్తే చాలదు, ఎవరు పెరిగారో తెలియాలి. నాకు అసలు సంగతి ఇదే. డయాటమ్‌లు పెరిగితే క్రిల్‌కు కడుపు నిండుతుంది. ఫియోసిస్టిస్ అనే మరో ప్లవకం పెరిగితే జిగురు ముద్దలు కడుతుంది, క్రిల్ దాన్ని అంతగా ముట్టదు. క్రిప్టోఫైట్లు అనే ప్లవకాలు మరీ చిన్నవి, వాటిని క్రిల్ సరిగా వడకట్టుకోలేదు.

ఈ పాఠం మనవాళ్లే నేర్చుకొచ్చారు. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి లోహాఫెక్స్ ప్రయోగం చేశాయి. (ఆ పేరులోని లోహా హిందీ మాట, ఇనుమని అర్థం.) ప్లవకాలు పెరిగి కార్బన్‌ను లోతుకు తీసుకెళ్తాయేమో చూడటానికి 300 చదరపు కిలోమీటర్ల నీటిలో ఇనుము కలిపారు. ప్లవకాలు పెరిగాయి. అయితే గాజు పెంకు కట్టుకోవడానికి కావలసిన సిలికా ఆ నీటిలో అప్పటికే అయిపోవడంతో డయాటమ్‌లు లేవలేదు. మెత్తటి చిన్న కణాలు లేచాయి, వాటిని కోపిపాడ్లు అనే చిన్న జంతుప్లవకాలు మేసేశాయి. లోతుకు దిగిన కార్బన్ స్వల్పం. ప్రయోగం విఫలమైందన్నవారున్నారు. నేనొప్పుకోను. ఒకే చోట వారాల తరబడి ఓడ నిలిచింది కాబట్టి ఎవరు పెరిగారో, ఎవరు తిన్నారో తెలిసింది. ఆ ఓడ పోలార్‌స్టెర్న్, జర్మనీది.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, 2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు దాదాపు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గిపోయింది. ఉపగ్రహాల లెక్క మొదలయ్యాక అంత తక్కువ ఎన్నడూ లేదు. మంచు తీరు మారితే దాని అడుగున జరిగే నాట్లూ మారతాయి. భారతి కేంద్రం ముందున్న ప్రిడ్జ్ అఖాతంలో అది ఎలా మారుతోందో వసంతం నుంచే మనం చూడాలి.

ఇక ఓడ సంగతి. అక్కడి నీటిలో ఇనుము ఎంత తక్కువంటే ఓడ తుప్పు రేణువు తగిలినా కొలత చెడిపోతుంది. లోహం తగలని సీసాలు, ప్రత్యేకమైన శుభ్రమైన గది కావాలి. అది తర్వాత తెచ్చి అతికించేది కాదు. మంచు మధ్య పరికరాలు దించడానికి ఓడ నడుమ బావి ఒకటి కావాలి. మైక్రోస్కోపు ముందు గంటల తరబడి కూర్చునే మనిషికి కుదురైన బల్ల కావాలి. డిజైను ఖరారయ్యేలోగా, దక్షిణ సముద్రపు కెరటాల్లో నీళ్లు తోడి వడకట్టిన మన పరిశోధకుల ముందు ఆ నక్షా పరచండి. ఏ గది ఎక్కడ ఉండాలో వాళ్లే పెన్సిలుతో గీసి చూపిస్తారు.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం