ఎవరి చేతిలో ఉన్నా బాంబు బాంబే

ఫిలదెల్ఫియ అంటే సహోదర ప్రేమ. ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల్లో ఒకటిగా ఆ పేరు మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. 1682లో విలియం పెన్ అనే క్వేకరు విశ్వాసి అమెరికాలో తాను స్థాపించిన నగరానికి ఆ పేరే పెట్టాడు. యుద్ధం చేయకూడదన్నది క్వేకర్ల విశ్వాసం. అలాంటి నగరంలో 1985 మే 13 సాయంత్రం పోలీసులు హెలికాప్టర్‌లోంచి ఒక ఇంటి కప్పు మీద బాంబు వేశారు.

ఆ ఇల్లు ఆసేజ్ అవెన్యూలో ఉంది. ఆ వీధిలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకొని వరుసగా ఉంటాయి. ఇంట్లో 'మూవ్' అనే నల్లజాతి బృందంవారు పిల్లలతో సహా ఉన్నారు. వాళ్లు మంచి పొరుగువాళ్లని ఎవరూ అనలేదు. లౌడ్‌స్పీకర్ల గోల, చెత్త, బెదిరింపులు భరించలేక ఇరుగుపొరుగువారే నగర పాలకులకు మొరపెట్టుకున్నారు. ఆ ఇరుగుపొరుగూ నల్లజాతివారే. అరెస్టు వారెంట్లతో వచ్చిన పోలీసులు గంటన్నరలో పదివేలకు పైగా తూటాలు కాల్చారు. అప్పటికీ లోపలివాళ్లు బయటికి రాకపోవడంతో సాయంత్రం బాంబు వేశారు. మంట అంటుకుంటే వెంటనే ఆర్పకుండా వదిలేశారు. 11 మంది చనిపోయారు. వారిలో 5గురు పిల్లలు. 61 ఇళ్లు కాలిపోయాయి. మొరపెట్టుకున్న పొరుగువాళ్ల ఇళ్లే బూడిదయ్యాయి.

అదే బాంబును ఒక మామూలు పౌరుడు తన గ్యారేజీలో తయారుచేసి ఉంటే ఏమయ్యేది? వాడకపోయినా, దగ్గర పెట్టుకున్నందుకే పదేళ్ల దాకా జైలు శిక్ష పడేది. అమెరికా ఫెడరల్ చట్టంలో అలాంటి వస్తువుకు 'డిస్ట్రక్టివ్ డివైస్' అని పేరు ఉంది. మనం విధ్వంసక పరికరం అనుకోవచ్చు. బాంబులు, గ్రనేడ్లు, మైన్లు, నాలుగు ఔన్సులకు మించిన ఇంధనంతో ఎగిరే రాకెట్లు, గొట్టం వ్యాసం అర అంగుళం దాటిన తుపాకులు ఈ కోవలోకి వస్తాయి. క్రీడకు, వేటకు వాడే షాట్‌గన్లను, పాతకాలపు ఫిరంగులను మినహాయించారు.

అమెరికాలో తుపాకులు కిరాణా సరుకుల్లా దొరుకుతాయని మనం అనుకుంటాం. చాలా వరకు నిజమే. కానీ ఈ పరికరాల విషయంలో మాత్రం ఆ దేశం చాలాకాలం కిందటే ఒక గీత గీసింది. గ్యాంగ్‌స్టర్ల కాల్పులతో నగరాలు హడలిపోయిన రోజుల్లో, 1934లో, మెషిన్ గన్లను అదుపు చేయడానికి ఒక చట్టం చేశారు. నిషేధించలేదు. రిజిస్టరు పెట్టి, 200 డాలర్ల పన్ను వేశారు. ఆనాడు ఆ పన్ను ఒక మెషిన్ గన్ ధరకు దాదాపు సమానం. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ రెండు నెలల తేడాలో హత్యకు గురయ్యాక, ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన చట్టం విధ్వంసక పరికరాలను కూడా అదే రిజిస్టరులోకి తెచ్చింది.

ఇప్పటికీ పౌరుడు అలాంటిది కొనాలంటే దరఖాస్తు పెట్టాలి, ఫొటో, వేలిముద్రలు ఇవ్వాలి, నేరచరిత్ర పరిశీలన దాటాలి, పన్ను కట్టాలి, అనుమతి చేతికొచ్చేదాకా ఆగాలి. పేలే గ్రనేడ్లయితే ఒక్కోదానికీ విడిగా రిజిస్ట్రేషన్, విడిగా పన్ను. 2026 జనవరి నుంచి సైలెన్సర్లకు, పొట్టి గొట్టం తుపాకులకు ఈ పన్ను ఎత్తేశారు గానీ మెషిన్ గన్లకు, విధ్వంసక పరికరాలకు 200 డాలర్లు అలాగే ఉంచారు. కొన్ని రాష్ట్రాలైతే పౌరులకు వీటిని అసలే ఇవ్వవు.

ఈ ఏర్పాటు పరిపూర్ణమని నేను అనను. ఆ రిజిస్టరులో 20 లక్షలకు పైగా విధ్వంసక పరికరాలు నమోదై ఉన్నాయి. ఒక్కో గ్రనేడ్ ఒక్కో పద్దు కాబట్టి ఆ అంకె అంత పెద్దదిగా కనబడుతుంది. అన్నీ ఇళ్లలో ఉన్నట్టు కాదు, తయారీదార్లవీ పోలీసు శాఖలవీ అందులోనే ఉంటాయి. రిజిస్టరు వివరాలు పన్ను రికార్డులతో సమానం కనుక పక్కింట్లో ఏముందో మనకు చెప్పరు. 2016కు ముందు వ్యక్తులు కొనాలంటే స్థానిక పోలీసు అధికారి సంతకం కావాలి. ఆ ఏడాది నుంచి ఆయనకు తెలియజేస్తే చాలు. ఇక కీడు తలపెట్టినవాడు ఫారం నింపడు. 1995లో ఓక్లహోమా నగరంలో ఎరువుతో చేసిన బాంబు పెట్టి 168 మందిని చంపినవాడు ఎవరి అనుమతీ అడగలేదు.

ఇన్ని లోపాలున్నా ఆ రిజిస్టరులో ఒక న్యాయమైన సూత్రం ఉంది. ఇంత ప్రాణహాని చేయగల వస్తువు చేతికి రాకముందే మనిషి జవాబు చెప్పాలి. నువ్వెవరివి, నీ చరిత్ర ఏమిటి, అది నీ దగ్గర ఉందని ఎవరికి తెలుసు? నా బాధల్లా ఆ సూత్రం పోలీసుశాఖ గుమ్మం దగ్గర ఆగిపోవడమే.

పోలీసు శాఖ కూడా తన పరికరాలను నమోదు చేయాలి. అయితే పన్ను లేదు. నమోదు కూడా ఒక ప్రభుత్వ కార్యాలయానికీ మరో ప్రభుత్వ కార్యాలయానికీ మధ్య కాగితం మాత్రమే. ఆ ఊళ్లో పన్ను కట్టే ప్రజలను ఎవరూ అడగరు. పైగా సైన్యానికి అక్కర్లేని సామగ్రిని స్థానిక పోలీసులకు ఇచ్చే పథకం ఒకటి 1990ల నుంచి నడుస్తోంది. 2014లో ఫెర్గూసన్‌లో పోలీసులు సైనికుల్లా వీధుల్లోకి దిగాకే దేశం ఆ జాబితాల వైపు కళ్లు తిప్పింది. అప్పుడు బయటపడిన వాటిలో ఒకటి: లాస్ ఏంజెలెస్ పాఠశాలల పోలీసు విభాగం దగ్గర 3 గ్రనేడ్ లాంచర్లు ఉన్నాయి. బడి పోలీసులకు! గొడవయ్యాక తిరిగి ఇచ్చేశారు. అంటే లేకపోయినా నడుస్తుందన్నమాట. మరి తెచ్చుకున్న రోజున అడిగినవారెవరు?

అదే 2014 మే నెలలో జార్జియా రాష్ట్రంలో మత్తుమందుల కేసులో పోలీసులు అర్ధరాత్రి దాటాక తలుపు తట్టకుండా ఒక ఇంట్లోకి చొరబడ్డారు. ముందుగా ఒక ఫ్లాష్‌బ్యాంగ్ గ్రనేడ్ విసిరారు. చెవులు గింగురుమనే చప్పుడు, కళ్లు చెదిరే వెలుగు ఇచ్చి ఎదుటివాణ్ని కాసేపు నిలువరించడం దాని పని. అది వెళ్లి 19 నెలల పసివాడు నిద్రపోతున్న ఉయ్యాల మంచంలో పడి పేలింది. ముఖం, ఛాతీ ఛిద్రమయ్యాయి. వాళ్లు వెతుకుతున్న మనిషి ఆ ఇంట్లో లేడు, మత్తుమందూ దొరకలేదు. బిడ్డ బతికాడు, ఎన్నో శస్త్రచికిత్సల తర్వాత. విచారణకు నిలబడిన ఒక్క పోలీసు అధికారి నిర్దోషిగా బయటికొచ్చారు. ఫిలడెల్ఫియా బాంబు విషయంలోనూ అంతే. దర్యాప్తు సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టినా పోలీసుల్లో గానీ అధికారుల్లో గానీ ఒక్కరి మీదా క్రిమినల్ కేసు పెట్టలేదు. జైలుకెళ్లింది ఆ మంటల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ మహిళ.

పోలీసుల వైపు మాట కూడా వినాలి. వాళ్లకు ఎదురుపడేవారి దగ్గర రైఫిళ్లు ఉంటాయి. తూటా కాల్చడం కన్నా 40 మిల్లీమీటర్ల లాంచర్‌తో స్పాంజి గుండు వేయడం, పొగ వదలడం మేలు కాదా అని వాళ్లు అడుగుతారు. ఒంటరిగా కత్తి పట్టుకున్న మనిషి విషయంలో ఆ మాట నిజం కావచ్చు. అదే లాంచర్ జనం గుంపు మీదికి తిరిగినప్పుడు ఏమవుతుందో 2020లో చూశాం. జార్జ్ ఫ్లాయిడ్ మరణం తర్వాత జరిగిన నిరసనల్లో పోలీసుల గుండ్లు తగిలి కళ్లు పోగొట్టుకున్నవారున్నారు. వారిలో కెమెరా పట్టుకున్న విలేకరులూ ఉన్నారు. ప్రాణం తీయదు కదా అన్న ధైర్యంతోనే చేయి ట్రిగ్గర్ మీదికి తొందరగా పోతుంది.

దీనికి మందు అధ్యక్షుల సంతకాల్లో లేదని గత పదేళ్లు తేల్చాయి. 2015లో ఒబామా గ్రనేడ్ లాంచర్లను పోలీసులకు ఇవ్వొద్దన్నారు. 2017లో ట్రంప్ ఆ ఆదేశం తీసేశారు. 2022లో బైడెన్ మళ్లీ పరిమితి పెట్టారు. 2025లో అదీ పోయింది. ఎవరు గద్దె మీదుంటే వాళ్ల మాట. ఉయ్యాలలో బిడ్డ భద్రత ఓట్ల లెక్కింపు మీద ఆధారపడకూడదు.

కాలిఫోర్నియా 2021లో చేసిన చట్టం నాకు నచ్చడానికి కారణం ఇదే. అది పోలీసుల చేతులు కట్టేయలేదు. అడిగి తెచ్చుకోమంది. లాంచర్లు, ఫ్లాష్‌బ్యాంగ్‌లు, బాష్పవాయువు వంటివి ఏమేమి ఉన్నాయో, ఎందుకో, ఎంత ఖర్చో, ఎప్పుడు వాడతారో రాసి పెట్టాలి. ఎన్నికైన పాలకమండలి బహిరంగ సమావేశంలో చర్చించి ఆమోదించాలి. ఏటా ఎక్కడ వాడారో, ఏ ఫిర్యాదులు వచ్చాయో నివేదిక ఇచ్చి మళ్లీ సమావేశం ముందుకు రావాలి. పౌరుడికి వేలిముద్రలు, పోలీసుశాఖకు బహిరంగ విచారణ. రెంటిలోనూ ఉన్నది ఒకే న్యాయం.

ఈ పత్రిక చదివే మనలో చాలా కుటుంబాలకు ఇప్పుడు అమెరికాలో ఒక ఇల్లు ఉంది. మన పిల్లలు అక్కడి నగరాల్లో పన్ను కడుతున్నారు, ఓటు వేస్తున్నారు, ఆదివారం ఆరాధనకు వెళ్తున్నారు. మనది తుపాకుల గొడవ కాదులే అని తలవంచుకొని వెళ్లడం వలస వచ్చినవారికి అలవాటు. తరతరాలుగా పరాయి గడ్డ మీద బతికిన మనకు ఆ అలవాటు సంగతి బాగా తెలుసు. వారానికోసారి ఫోన్ చేసినప్పుడు వాళ్లను ఒక్క మాట అడగండి: మీ ఊరి పోలీసుల దగ్గర ఏమున్నాయో తెలుసా? తెలియకపోతే నగర సభకు వెళ్లి అడగమనండి. అడగడం ఎదిరించడం కాదు. కట్టిన పన్నుకు లెక్క అడగడమే.

ఆసేజ్ అవెన్యూ పొరుగువాళ్లు ప్రభుత్వాన్ని సాయం కోరారు. ఆ సాయం ఏ రూపంలో వస్తుందో వాళ్లను ఎవరూ అడగలేదు. నగర సభ క్షమాపణ చెప్పడానికి 35 ఏళ్లు పట్టింది.